బ్రైటన్ అపోహలు: ఎండ చూసి సముద్రంలోకి దిగకండి

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్‌లో మనవాళ్లకు ఊరు చూపించడం నా పని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పిల్లల్ని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలే. మే నెలలో కాస్త ఎండ కాస్తే చాలు, రైలు దిగుతూనే "తువ్వాళ్లు తెచ్చుకున్నామండీ, దిగొచ్చు కదా?" అంటారు.

అపోహ: ఎండగా ఉంది కాబట్టి నీళ్లు వెచ్చగా ఉంటాయి.

ఉండవు. గాలి వేడెక్కినంత తొందరగా సముద్రం వేడెక్కదు. ఇక్కడ నీళ్లు కాస్త నయంగా ఉండేది ఆగస్టు, సెప్టెంబరుల్లోనే. మేలో బయట 25 డిగ్రీలున్నా నీళ్లు 12, 13 దగ్గరే ఉంటాయి. 15 కంటే తక్కువున్న నీళ్లలో ఒక్కసారిగా మునిగితే ఎగశ్వాస వస్తుంది, గుండె దడదడలాడుతుంది. ఆ క్షణంలో నోట్లోకి నీళ్లు పోతే ఎంత ఈతగాడైనా మునిగిపోవచ్చు. "గబుక్కున దూకేస్తే అదే అలవాటైపోతుంది" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. పైగా ఇక్కడ ఇసుక లేదు, అన్నీ గులకరాళ్లే. పోటు మీద నాలుగడుగులు వేస్తే కాళ్ల కింద రాళ్లు జారి లోతులో ఉంటారు.

ఒక పెద్దాయన "ఉప్పాడ కెరటాల్లో ఈదినవాణ్ని బాబూ" అంటూ దిగారు. నడుము లోతులోనే నోరు తెరిచి నిలబడిపోయారు, మాట లేదు. చెయ్యి పట్టి లాక్కొచ్చాను. తర్వాత టీ కప్పు పట్టుకోలేక సాసర్ అడిగారు.

పొరపాటున పడిపోతే ఈదకండి. వెల్లకిలా తేలండి. ఒకటి, ఒకటిన్నర నిమిషంలో ఊపిరి కుదుటపడుతుంది. ఒడ్డున ఉన్నవాళ్లు ఇక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ (సముద్రంలో కాపాడేవాళ్లు) కావాలనాలి.

అలాగని టెన్షన్ పడి రావడం మానేయకండి. పాదాలు తడుపుకోండి, సముద్రంలోకి వంతెనలా కట్టిన ప్యాలెస్ పియర్ మీద చిప్స్ తినండి. (సీగల్స్ లాక్కుపోతాయన్నది మాత్రం అపోహ కాదు.)

ఇక్కడి గుమ్మటాల రాజభవనం రాయల్ పెవిలియన్ ఎవరో నవాబు కట్టించాడా? కాదు. తర్వాత నాలుగో జార్జి రాజు అయిన ఇంగ్లండ్ యువరాజు కోసం జాన్ నాష్ అనే వాస్తుశిల్పి 1815లో మొదలుపెట్టి దానికి ఆ గుమ్మటాల రూపం తెచ్చాడు. ఇద్దరూ మన దేశంలో కాలు పెట్టలేదు.

మనకీ ఈ ఊరికీ సంబంధం ఏముందంటారా? మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 డిసెంబరు నుంచి 1916 జనవరి దాకా అదే పెవిలియన్ గాయపడ్డ భారత సైనికులకు ఆసుపత్రి. ఎవరి ఆచారం వాళ్లదని తొమ్మిది వంటశాలలు పెట్టారు. ఈ ఊరి ఆసుపత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సైనికుల్లో 53 మందిని ఊరి అంచున ప్యాచం దగ్గర కొండ మీద దహనం చేశారు. అక్కడే 1921లో వాళ్ల స్మారకంగా ఛత్రి వెలిసింది. కారు అక్కడిదాకా పోదు. మోకాళ్ల నొప్పులుంటే ముందే చెప్పండి, మెల్లగా నడుద్దాం.

ఉప్పాడ పెద్దాయన మర్నాడు అక్కడికి నడిచారు. గొర్రెల పెంటికలు కూడా చూసుకోకుండా చెప్పులు విప్పేశారు.