స్పానిష్ క్లాసు రూల్స్ మీద మన ఇళ్లలో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

ఆగస్టులో బడి తెరిచిన మొదటి రోజే పిల్లల చేతికి ఒక కాగితం ఇస్తాను. రెండు వైపులా నా క్లాసు రూల్స్ ఉంటాయి. కింద అమ్మో నాన్నో సంతకం పెట్టి పంపాలి. టెక్సస్‌లో డాలస్ పక్కన ఒక ప్రభుత్వ హైస్కూల్లో 14 ఏళ్లుగా స్పానిష్ చెబుతున్నాను. ఈ చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కువ కాబట్టి ప్రతి క్లాసులో నలుగురైదుగురు తెలుగు పిల్లలుంటారు. వాళ్ల తల్లిదండ్రులు స్కూల్లో అడగడానికి మొహమాటపడినవి గుళ్లోనో, పుట్టినరోజు ఫంక్షన్‌లోనో కనిపించినప్పుడు అడుగుతారు. "ఏమండీ, మీ క్లాసులో మరీ అన్ని రూల్సా?" అని. అలా పదేపదే విన్న మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: స్పానిష్ ముక్క రాని పిల్లలతో మొదటి రోజు నుంచే స్పానిష్‌లో మాట్లాడితే వాళ్లకేం అర్థమవుతుంది?

వాస్తవం: అర్థమయ్యేలా మాట్లాడటమే నా పని. "ఆబ్రాన్ లోస్ లిబ్రోస్" అంటూ నా చేతిలో పుస్తకం తెరుస్తాను. "సియెర్రెన్ లోస్ లిబ్రోస్" అంటూ మూస్తాను. నాలుగోసారికి నేను చేత్తో చూపించకపోయినా పుస్తకాలు తెరుచుకుంటాయి. బోర్డు మీద బొమ్మ గీస్తాను, ముఖంతో నటిస్తాను, పిల్లలకు ముందే తెలిసిన మాటల్ని వాడుకుంటాను. "తొమాతె" అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మెక్సికోలోని నావాటల్ భాష నుంచి స్పానిష్‌లోకి, అక్కడి నుంచి ప్రపంచమంతా పాకిన మాట అది.

ఈ రూలు నా సొంత పైత్యం కూడా కాదు. ఇక్కడి భాషా టీచర్ల జాతీయ సంఘం, మేం యాక్ట్‌ఫుల్ అంటాం, క్లాసులో 90 శాతమో అంతకన్నా ఎక్కువో నేర్పే భాషలోనే మాట్లాడాలని 2010లోనే చెప్పింది. కారణం చాలా మామూలుది. బడి గేటు దాటితే మన పిల్లల చెవిన స్పానిష్ పడేది తక్కువ. నా దగ్గరున్న 50 నిమిషాల్లోనూ నేను ఇంగ్లీషులో వ్యాకరణం వివరిస్తూ కూర్చుంటే ఇక వినేదెక్కడ?

మిగిలిన 10 శాతం ఎందుకంటే, కళ్లలో నీళ్లు తిరుగుతున్న పిల్లతో నేను ఇంగ్లీషులోనే మాట్లాడతాను. ఫైర్ డ్రిల్లు గురించి, పరీక్ష ఎలా జరుగుతుందన్న దాని గురించి కూడా ఇంగ్లీషులోనే చెబుతాను. భయపడే చోట భాష అడ్డం రాకూడదు.

అపోహ: బాత్రూమ్‌కి వెళ్లడానికి కూడా స్పానిష్‌లో అడగాలంట. ఇదేం శిక్ష?

వాస్తవం: "పుయెదో ఇర్ అల్ బాన్యో?" అన్న వాక్యం తలుపు పక్కన పెద్ద అక్షరాలతో అంటించి ఉంటుంది. చూసి చదివినా చాలు. నోటితో చెప్పలేనంత అర్జెంటు అయితే చెయ్యెత్తి తలుపు వైపు చూపించి వెళ్లిపోవచ్చు. ఇన్నేళ్లలో ఎవర్నీ ఆపలేదు. ఆ వాక్యమే ఎందుకంటే, పిల్లలు నిజంగా అవసరమై, వారానికి రెండు మూడు సార్లు తమంతట తాముగా అనే వాక్యం అదొక్కటే. "పుయెదో" నోట్లో నిలబడ్డాక దాని వెనకే "నీళ్లు తాగొచ్చా", "ఈమెతో కలిసి చెయ్యొచ్చా" అన్నీ వచ్చేస్తాయి.

అపోహ: మా అమ్మాయి నెమ్మది. నోరు విప్పి మాట్లాడకపోతే మార్కులు తగ్గించడం అన్యాయం.

వాస్తవం: చెయ్యెత్తిన లెక్కకు నా క్లాసులో మార్కుల్లేవు. మేం మూడు రకాలుగా చూస్తాం: విని, చదివి అర్థం చేసుకోవడం, ఎదుటివాళ్లతో మాటకు మాట కలపడం, సిద్ధమై వచ్చి నలుగురి ముందు చెప్పడమో రాయడమో. నెమ్మది పిల్లలు మొదటి దాంట్లో చాలాసార్లు అందరికన్నా ముందుంటారు. రెండోదాన్ని జంటగా కూర్చోబెట్టి చేయిస్తాను. పక్కన ఒక్క స్నేహితురాలే ఉంటే మాట్లాడలేని పిల్లను నేనింకా చూడలేదు.

"ముందే అరిచి జవాబు చెప్పకూడదు" అన్న రూలు కూడా ఈ పిల్లల కోసమే పెట్టింది. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో క్లాసులు గమనించి ఒక సంగతి తేల్చారు. ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబులు పొడుగవుతాయి, మామూలుగా మాట్లాడని పిల్లలు మాట్లాడతారు. అందుకే ప్రశ్న వేశాక వేళ్ల మీద మూడు లెక్కపెడతాను. ఆ మూడు సెకన్లలో తెలిసినవాళ్లు కూడా నోరు మూసుకోవాలి. చురుకైన పిల్లలకు అది నరకంలా ఉంటుందని తెలుసు. అయినా ఆ రూలు సడలించను.

అపోహ: ట్రాన్స్‌లేటర్ వాడితే తప్పేంటి? ఆఫీసుల్లో అందరూ అదే కదా చేసేది.

వాస్తవం: నా రూలు ఇది. ఒక్క పదం తెలియకపోతే డిక్షనరీ చూసుకోండి, వర్డ్‌రిఫరెన్స్ అనే ఆన్‌లైన్ నిఘంటువు తెరుచుకోండి, నాకు సంతోషమే. వాక్యం మొత్తం మెషీన్‌కి ఇచ్చి రాయించుకుంటే మాత్రం ఆ కాగితాన్ని తీసుకోను.

కొన్నేళ్ల కిందట మొదటి ఏడాది క్లాసులో "నా కుటుంబం" గురించి ఒక పేరా రాసుకు రమ్మన్నాను. అక్టోబర్ నెల. అప్పటికి పిల్లలకు వచ్చింది "నాకు ఒక తమ్ముడున్నాడు", "మా అమ్మ పొడుగు" వరకే. ఒక తెలుగు కుర్రాడి పేపర్లో "మా తాతయ్యతో ఇంకొంత కాలం గడిపి ఉంటే ఎంత బాగుండేదో" అన్న అర్థం వచ్చే వాక్యం కనిపించింది. అందులో "ఉబియెరా" అన్న క్రియారూపం ఉంది. అది నేను మూడో ఏడాదికి గానీ చెప్పను. గంట కొట్టాక వాడిని ఆపి, ఆ మాట మీద వేలు పెట్టి, "ఇది చదివి చెప్పు నాన్నా" అన్నాను. చదవలేకపోయాడు. తల దించుకున్నాడు.

నేను తిట్టలేదు. పేపరు తిరగేసి, "నీకు వచ్చిన మాటల్లో మీ తాతయ్య గురించి చెప్పు" అన్నాను. చాలాసేపు ఆలోచించి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ రెండు వాక్యాలు రాశాడు. "మి అబుయెలో ఎస్తా ఎన్ గుంటూర్. యో ఎస్తోయ్ అకీ." మా తాతయ్య గుంటూరులో ఉన్నాడు. నేను ఇక్కడున్నాను. స్పానిష్‌లో "ఉండటం" అన్నదానికి రెండు క్రియలున్నాయి. ఒక మనిషి ఎక్కడున్నాడో చెప్పేటప్పుడు "సెర్" వాడాలా "ఎస్తార్" వాడాలా అన్నది మొదటి ఏడాది పిల్లలందరూ తడబడే చోటు. వాడు రెండుసార్లూ సరిగ్గా రాశాడు. మెషీన్ రాసిచ్చిన పేరాకన్నా ఆ రెండు వాక్యాల్లోనే వాళ్ల తాతయ్య ఉన్నాడు.

ఆ తర్వాతి వారం నుంచి మొదటి చిత్తుప్రతిని క్లాసులోనే, పెన్నుతో, కాగితం మీద రాయించడం మొదలుపెట్టాను. ఇప్పటికీ అదే పద్ధతి. చాట్‌జీపీటీ వచ్చాక కూడా దాన్ని మార్చాల్సిన అవసరం రాలేదు.

అపోహ: తప్పుల్లేకుండా వచ్చాకే మాట్లాడాలి. ఉచ్చారణ తేడాగా ఉంటే పరువు పోతుంది.

వాస్తవం: మన ఇళ్ల నుంచి వచ్చే పిల్లల్ని ఎక్కువగా వెనక్కి లాగుతున్న నమ్మకం ఇదే. లెక్కల్లో తప్పు జవాబు రాస్తే మార్కు పోతుంది. ఆ అలవాటుతో వచ్చి, వాక్యం మొత్తం మనసులో సరిచూసుకునే దాకా పెదవి కదపరు. ఈలోగా సంభాషణ ఎక్కడికో వెళ్లిపోతుంది.

నా కాగితంలో అన్నిటికన్నా పైన ఉన్న రూలు దీని గురించే: ఎవరు తప్పు మాట్లాడినా నవ్వకూడదు. ఫోన్ బయటపెడితే ఒకసారి చెప్పి చూస్తాను, ఆలస్యంగా వస్తే కారణం అడుగుతాను. ఎదుటివాడి తప్పుకు నవ్వితే మాత్రం ఆ రోజే ఇంటికి ఫోన్ వెళ్తుంది. పిల్లలు తప్పు మాట్లాడితే నేను మధ్యలో ఆపను. వాళ్లన్న మాటనే సరిచేసి, మామూలుగా తిరిగి అంటాను. "సోయ్ అబుర్రిదో" అన్నాడనుకోండి, దానర్థం "నేను బోరు కొట్టించే మనిషిని" అని. నేను "ఆ, ఎస్తాస్ అబుర్రిదో? పోర్ కె?" అంటాను, "ఓ, నీకు బోరు కొడుతోందా? ఎందుకు?" అని. వాడు "సీ, ఎస్తోయ్ అబుర్రిదో" అని తనే దిద్దుకుంటాడు.

ఇక ఉచ్చారణ. తెలుగు చెవిన పడుతూ పెరిగిన పిల్లలకు స్పానిష్‌లో ఎంత కలిసొస్తుందో తల్లిదండ్రులకు తెలియదు. స్పానిష్ "త" పళ్లకు నాలుక తగిలించి పలికేది, అచ్చం "తాత"లో లాగా. ఇక్కడే పుట్టిన మన పిల్లలు బయట వినీ వినీ "టాకో" అంటారు. "తాత అన్నట్టు అను" అంటే చాలు, "తాకో" అని చక్కగా వచ్చేస్తుంది. అచ్చులు ఐదే, అవి మన అ, ఎ, ఇ, ఒ, ఉ. "కారో" అంటే ఖరీదైనది, "కార్రో" అంటే కారు. "బరువు"లో ర, "బుర్ర"లో ర్ర పలికే నాలుకకు ఈ తేడా కొత్త కాదు.

వ్యాకరణంలోనూ అంతే. "మె గుస్తా", అంటే "నాకు ఇష్టం", దగ్గర ఇంగ్లీషు పిల్లలు నెలల తరబడి తడబడతారు. ఇష్టపడే మనిషిని బట్టి కాకుండా, ఇష్టమైన వస్తువును బట్టి క్రియ మారడం వాళ్లకు వింత. మన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే ముక్క. "నాకు మామిడిపండు నచ్చింది. నాకు మామిడిపండ్లు నచ్చాయి. పండును బట్టే కదా మారింది?" "మె గుస్తా ఎల్ మాంగో, మె గుస్తాన్ లోస్ మాంగోస్." అంతే, అయిపోయింది పాఠం. టీచరును "ఉస్తెద్" అనాలి, తోటివాళ్లను "తూ" అనొచ్చు అన్న రూలు కూడా "మీరు", "నువ్వు" తెలిసిన ఇంట్లో ఒక్క నిమిషం పని. ఇంట్లో తెలుగు మాట్లాడితే స్పానిష్ కలగాపులగం అవుతుందని భయపడి ఆపేసిన తల్లిదండ్రులు నాకు తెలుసు. దయచేసి ఆపకండి.

అపోహ: ఫోన్ తీసుకోవడం టీచర్ చాదస్తం.

వాస్తవం: 2025లో టెక్సస్ చట్టమే చేసింది, బడి వేళల్లో విద్యార్థులు సొంత ఫోన్లు వాడకూడదని. ఇక్కడ నేను కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. అర్జెంటు అయితే స్కూల్ ఆఫీసుకు ఫోన్ చేయండి, రెండు నిమిషాల్లో పిల్లవాడికి కబురు అందుతుంది.

అపోహ: ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలకు ఈ క్లాసులో "A" గ్రేడు ఉత్తినే వచ్చేస్తుంది. వాళ్లు మాట్లాడేది మెక్సికో యాస, అసలు స్పానిష్ స్పెయిన్‌దే.

వాస్తవం: రెండు మాటలూ తప్పే. మన పిల్లలు అమ్మమ్మతో ఫోన్లో గడగడా తెలుగు మాట్లాడతారు, తెలుగు పుస్తకం ముందు పెడితే తెల్లమొహం వేస్తారు. ఆ పిల్లలదీ అదే పరిస్థితి. "పాపా" అని నాన్నను రోజుకు వందసార్లు పిలిచిన పిల్ల, రాసేటప్పుడు చివరి అక్షరం మీద గీత మరిచిపోతే అది బంగాళదుంప అవుతుంది. అందుకే వాళ్లకు చాలాచోట్ల వేరే క్లాసు ఉంటుంది, అందులో చదవాల్సింది, రాయాల్సింది ఎక్కువ.

యాస సంగతికొస్తే, అమెరికాలో ఇళ్లలో స్పానిష్ మాట్లాడేవాళ్లు 4 కోట్ల మందికి పైనే. స్పెయిన్‌లో 1713లో పెట్టిన అకాడమీ ఒక్కటే ఇప్పుడు భాష గురించి తీర్పు చెప్పదు. 1951లో మెక్సికోలో మొదలైన అకాడమీల సంఘంలో ఇప్పుడు 20కి పైగా దేశాల సంస్థలున్నాయి, అమెరికాది కూడా ఉంది. బస్సును మెక్సికోలో "కామియోన్" అంటారు, క్యూబాలో "గ్వాగ్వా" అంటారు. అదే "గ్వాగ్వా" చిలీలో చంటిపిల్ల. నా పరీక్షలో ఏ దేశపు మాట రాసినా మార్కు ఇస్తాను. క్లాసులో ఒకరి ఇంటి భాషను "తప్పు స్పానిష్" అనడం నిషిద్ధం. గోదావరి యాసనో తెలంగాణ యాసనో ఎవరైనా వెక్కిరిస్తే మనకెలా ఉంటుందో మనకు తెలుసు.

అపోహ: రెండేళ్లు చదివాడు, ఈపాటికి గడగడా మాట్లాడాలి కదా. రూల్స్ ఇన్ని పెట్టి ఏం నేర్పినట్టు?

వాస్తవం: టెక్సస్‌లో హైస్కూల్ పూర్తి చేయడానికి ఒకే భాషలో రెండు క్రెడిట్లు, అంటే రెండేళ్ల కోర్సు, కావాలి. చాలామంది అక్కడితో ఆపేస్తారు. లెక్క చూడండి. రోజుకు 50 నిమిషాలు, ఏడాదికి 170 రోజులు వేసుకుంటే దాదాపు 140 గంటలు. రెండేళ్లకు 280. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు స్పానిష్ నేర్పడానికి పెట్టుకున్న లెక్క సుమారు 550 నుంచి 690 క్లాసు గంటలు. అదీ పెద్దవాళ్లకు, ఇంకే పనీ లేకుండా రోజంతా కూర్చోబెట్టి. రెండేళ్ల తర్వాత మీవాడు తన గురించి, ఇంటి గురించి సొంతంగా వాక్యాలు అల్లి చెప్పగలిగితే, దుకాణంలో కావలసింది అడిగి తెచ్చుకోగలిగితే బాగా నేర్చుకున్నట్టే. ఇంకా కావాలంటే మూడో ఏడాది, నాలుగో ఏడాది, ఆపైన కాలేజీ స్థాయి కోర్సు అయిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) స్పానిష్ ఉన్నాయి.

తక్కువ మార్కులొచ్చిన పరీక్ష మళ్లీ రాయొచ్చు. కానీ ముందు తప్పులు దిద్దుకుని తెచ్చి నాకు చూపించాలి. ఆ దిద్దిన కాగితం లేకుండా రెండోసారి పరీక్ష పెట్టమని ఈమెయిల్ రాయకండి.

ఇంట్లో ఏం చెయ్యాలని అడుగుతారు చాలామంది, తమకు స్పానిష్ రాదని బాధపడుతూ. రానక్కర్లేదు. రాత్రి అన్నం తినేటప్పుడు పళ్లెంలో ఉన్నవాటి పేర్లు స్పానిష్‌లో చెప్పించుకోండి. "అర్రోస్" అంటే అన్నం, "లెంతెహాస్" అంటే పప్పు, "యోగుర్" అంటే పెరుగు. వాళ్లు చెబుతుంటే మీరూ వెంట పలకండి. మీరు తప్పు పలికితే వాళ్లు దిద్దుతారు. అప్పుడు వాళ్లు మిమ్మల్ని చూసి నవ్వకుండా ఉంటే, మా క్లాసు మొదటి రూలు పాటిస్తున్నారన్నమాట.