అంగిలి క్యాన్సర్: వంశం నుంచా, చుట్ట నుంచా?

"మా వంశంలో ఎవరికీ లేదు, నాకెలా వచ్చింది?" నోటి క్యాన్సర్ అని తేలగానే చాలామంది అడిగే ప్రశ్న ఇది. జన్యువులు దెబ్బతినకుండా క్యాన్సర్ రాదన్నది నిజమే. ఆ దెబ్బ పుట్టుకతో వచ్చిందా, తర్వాత తగిలిందా అన్నదే అసలు విషయం. దాన్ని తేల్చిన చరిత్రలో ఉత్తరాంధ్రకూ చోటుంది.

శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్లు, చుట్ట వెలిగించి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం పాత అలవాటు. దాన్నే అడ్డపొగ అంటారు. గాలికి చుట్ట ఆరిపోదు, బూడిద మీద పడదు. కానీ సెగ, పొగ రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. గట్టి అంగిలికి (నోటి పైకప్పులో ఎముక ఉన్న ముందు భాగానికి) క్యాన్సర్ రావడం ఇతర ప్రాంతాల్లో అరుదు. కోస్తాంధ్రలో కనిపిస్తున్న ఆ క్యాన్సర్‌కు అడ్డపొగే కారణమని 1957లో పరిశోధకులు డి.జి. రెడ్డి, వి.కె. రావు రాశారు. 1971లో వెలువడిన పిండ్‌బోర్గ్, మెహతా బృందం సర్వేలో 10,169 మంది గ్రామీణులను పరీక్షిస్తే 43.8 శాతం మందికి ఈ అలవాటు ఉన్నట్టు తేలింది. తల్లిని చూసి కూతురు నేర్చుకునే అలవాటు ఇది. తల్లీకూతుళ్లిద్దరికీ ఒకే జబ్బు వస్తే వంశపారంపర్యం అనుకోవడం సహజం. వారసత్వంగా అందింది మాత్రం చుట్టే.

పొగాకు లోపల ఏం చేస్తుందో తెలియడానికి ఇంకా సమయం పట్టింది. కణితి చుట్టూ ఆరోగ్యంగా కనిపించే పొర కూడా మారిపోయి ఉంటుందని అమెరికాలో స్లాటర్ బృందం 1953లోనే గమనించింది. 1979లో బయటపడ్డ పీ53 ప్రొటీన్ కణాలకు కాపలాదారు అని పదేళ్ల తర్వాత గాని తెలియలేదు. పొగాకు రసాయనాలు డీఎన్ఏకు అతుక్కుని, ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువునే పాడు చేస్తాయి. మన దేశంలో చిగుళ్లు, బుగ్గ లోపలి క్యాన్సర్లపై 2013లో వెలువడిన పరిశోధనలోనూ ఆ జన్యువే ప్రముఖంగా కనిపించింది. ఇవన్నీ జీవితకాలంలో వచ్చిన మార్పులు, పిల్లలకు సంక్రమించవు. గొంతు వెనక భాగంలో వచ్చే కొన్ని క్యాన్సర్లకు మాత్రం హెచ్‌పీవీ వైరస్ మూలం.

పుట్టుకతో వచ్చే ముప్పు అసలు లేదనలేం. ఫాంకోని ఎనీమియా అనే అరుదైన పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవారి కణాలు దెబ్బతిన్న డీఎన్ఏను సరిచేసుకోలేవు. వారికి నోటి క్యాన్సర్ చిన్న వయసులోనే రావచ్చు. సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు, రేడియేషన్ మామూలు మోతాదులో ఇస్తే వారికి ప్రాణాపాయం. అందుకే ఏ అలవాటూ లేని యువతకు ఈ క్యాన్సర్ వస్తే, చికిత్స మొదలుపెట్టక ముందే ఫాంకోని ఎనీమియా పరీక్ష గురించి వైద్యుడిని అడగాలి.