చిన్నూ లెక్క, నా లాంతరు

చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నూ ఒక ప్రశ్న అడిగితే, కాళ్లు నొప్పులుగా ఉన్నాయి, తర్వాత చెప్తాలే అని తప్పించుకున్నాను. నొప్పులు నిజమే. కానీ అసలు సంగతి, నాకు జవాబు వెంటనే తట్టలేదు. మూడు రోజులు ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను.

ప్రశ్న ఇది. ఒక మేస్త్రి 12 రోజుల్లో కట్టే గోడను ఆరుగురు మేస్త్రీలు 2 రోజుల్లో కట్టేస్తారు. నేను, మీ నాన్న, అమ్మ, బాబాయ్, అత్త, మావయ్య కలిపి ఆరుగురం, ఒకరి తర్వాత ఒకరం వంతులవారీగా 150 కిలోమీటర్ల రిలే పరుగు పరుగెత్తాం. అదే దూరం ఆరుగురం ఒకేసారి పరుగెత్తితే తొందరగా అయిపోయేది కదా? ఒకరు పరుగెత్తుతుంటే మిగతా అయిదుగురు వ్యాన్లో కూర్చుని, రాత్రంతా నిద్ర పాడుచేసుకోవడం ఎందుకు?

మీ నాన్న పక్కనుంచి నవ్వాడు. నవ్వాల్సిన ప్రశ్న కాదది. కాగితం తీసుకుని లెక్క వేశాను. దారిని ఆరు ముక్కలు చేసి, ఒక్కో ముక్క మొదట్లో ఒక్కొక్కరం నిలబడి ఒకేసారి బయల్దేరి ఉంటే, మాకు 20 గంటలు పట్టిన పని 3 గంటల 20 నిమిషాల్లో అయిపోయేది. పగలే అయిపోయేది. చిన్నూ లెక్క కరెక్టు.

అయితే ఆ లెక్కలో మణికట్టు పట్టీ లేదు. చేతి మీద చరిస్తే చుట్టుకుపోయే పట్టీ ఒకటి మాకు ఇచ్చారు. ఆ 150 కిలోమీటర్లూ వెళ్లాల్సింది అది. మేం కాదు, అది. గోడనైతే ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కట్టుకురావచ్చు. ఈ ఉత్తరం మీ ఇంటికి చేరాలంటే మాత్రం దీన్ని ఆరు ముక్కలు చింపి ఆరుగురికి ఇచ్చి ఒకేసారి పరుగెత్తమంటే కుదరదు కదా. ఒకరు తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. ఆ ఇంకొకరు అప్పటికి అక్కడ సిద్ధంగా ఉండాలి.

జపాన్ వాళ్లు ఇలాంటి పరుగును ఎకిదెన్ అంటారు. పాతకాలంలో రాచబాటల మీద వార్తలు మోసేవాళ్లు మారే మజిలీలు ఉండేవి, వాటి నుంచి వచ్చిన పేరు. మొదటిది 1917లో జరిగింది. క్యోటో నుంచి టోక్యోకి సుమారు 508 కిలోమీటర్లు, 23 వంతులు, మూడు రోజులు. రాత్రిళ్లు కూడా ఆపలేదు. వాళ్లు కర్రకు బదులు ఒక గుడ్డపట్టీని భుజం మీదుగా ఏటవాలుగా వేసుకుంటారు. దాన్ని తసుకి అంటారు. అమెరికాలో 1982 నుంచి ఇంకొకటి నడుస్తోంది. మౌంట్ హుడ్ అనే కొండ మీద మొదలై సముద్రపు ఒడ్డున ముగుస్తుంది. సుమారు 320 కిలోమీటర్లు, 36 వంతులు. జట్టుకు 12 మంది దాకా ఉంటారు, రెండు వ్యాన్లలో వెళ్తారు. అందులో మొదటి వంతులు నిట్టనిలువు దిగుడట. దిగడం తేలిక అనుకుంటాం గానీ, మర్నాడు తొడల్ని అడిగితే అవే చెబుతాయి.

సరే, ఇక అయిదుగురు ఊరికే ఎందుకు కూర్చున్నారన్న మాటకి వస్తాను. దీనికి నా దగ్గర ఒక లాంతరు ఉంది.

మీ వయసులో మాకు కరెంటు లేదు. నాకూ అన్నయ్యకూ చెరొక లాంతరు, చెరొక సీసా కిరోసిన్. పరీక్షల ముందు పట్టుదలకు పోయి ఇద్దరం రెండు లాంతర్లూ ఒకేసారి వెలిగించుకునేవాళ్లం. అర్ధరాత్రికి రెండూ ఒకేసారి ఆరిపోయేవి. రెండు రోజులు చూసి మా అమ్మ ఒక లాంతరు అటక మీద పెట్టేసింది. ఇద్దరి కిరోసిన్ కలిపి ఉన్న ఒక్కదాంట్లో పోయడం మొదలుపెట్టింది. ముందు రాత్రి అన్నయ్య చదవాలి, తర్వాత నన్ను లేపి పడుకోవాలి. తెల్లవారే దాకా ఆ లాంతరు వెలిగేది. కిరోసిన్ అంతే, మేమూ అంతే, వెలుతురు మాత్రం రెట్టింపు సేపు.

మన ఒంట్లో కూడా అలాంటి కిరోసిన్ ఉంది. తిన్నదాంట్లోంచి చక్కెరలాంటి పదార్థాన్ని తీసి కండరాల్లోను, కాలేయంలోను దాచుకుంటాం. దాని పేరు గ్లైకోజన్. పెద్దవాళ్ల ఒంట్లో అంతా కలిపి అరకిలో ఉంటుందంతే. గట్టిగా పరుగెత్తితే రెండు మూడు గంటల్లో అడుగంటుతుంది. ఆరిపోబోయే దీపం రెపరెపలాడినట్టు అప్పుడు కాళ్లు తడబడతాయి. పూర్తిగా నిండాలంటే తిని, విశ్రాంతి తీసుకుని, ఒక రోజు ఆగాలి. అందుకే ఒక్కొక్కరం వంతుకి ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు వెలిగి, ఆరకముందే పక్కవాళ్లకి అందించేశాం. ఒత్తి అంటే కండరం అనుకోండి. గాజు చిమ్నీ అంటే ఒంటి మీది చొక్కా అనుకోండి, గాలి నుంచి కాపాడుతుంది. మసి అంటే అలసట, మధ్యమధ్యలో తుడవాలి. పిడి అంటే...

పిడి దగ్గర ఆగిపోయాను. ఇంకా ఇబ్బంది ఏమిటంటే, ఆర్పిన లాంతరు ఎంతసేపున్నా అలాగే ఉంటుంది, మళ్లీ వెలిగిస్తే వెలుగుతుంది. మనిషి అలా కాదు. పరుగాపి వ్యాన్లో కూర్చున్నాక అరగంటకి కాళ్లు కట్టెల్లా బిగుసుకుపోయాయి. దిగాలంటే మీ మావయ్య ఒక చెయ్యి, బాబాయ్ ఒక చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. లాంతరు ఎప్పుడూ "అమ్మో, నా మోకాలు" అనలేదు. కాబట్టి ఆ పోలికని ఇక్కడే దించి పక్కన పెడుతున్నాను. కిరోసిన్ మాట వరకే నమ్మండి.

ఇక ఊరికే కూర్చోవడం గురించి. ఒకసారి పరుగెత్తి దిగితే మళ్లీ వంతు రావడానికి అయిదున్నర గంటలు. అయిదున్నర గంటలు హాయిగా నిద్రపోవచ్చు అనుకునే నేనూ వెళ్లాను. తడిబట్టలు మార్చుకోవాలి, లేకపోతే చలికి వణుకు. ఏదో ఒకటి తినాలి. వ్యాన్ ముందు మజిలీకి వెళ్లాలి. అక్కడ ఒకరు దిగి నిలబడాలి, వచ్చినవాళ్లు ఎక్కాలి, తలుపు దడేల్మని పడాలి. వచ్చినవాళ్లకి నీళ్లు అందించాలి, వాళ్లు దారి గురించి చెప్పేది వినాలి. ఒక్కొక్కరం మూడుసార్లు పరుగెత్తాం, మొత్తం 18 వంతులు. అంటే ఆ తలుపు ఎన్నిసార్లు పడిందో చిన్నూ లెక్క వేసుకోవచ్చు. ఇరవై గంటల్లో నేను నిద్రపోయింది మహా అయితే గంటన్నర. బండి నడిపినవాళ్లు వేరు, వాళ్లు పరుగెత్తలేదు. పగలు ఒకాయన, రాత్రి ఒకాయన. రాత్రాయన పగలంతా పడుకుని వచ్చాడు. ఈ ఏర్పాటు మీ అమ్మది. ఆ రాత్రి అందరికంటే తెలివైన పని అదే.

మీ నాయనమ్మ పరుగెత్తలేదు. ముందు సీట్లో నోటుబుక్కు, పెన్ను, గడియారం పెట్టుకుని కూర్చుంది. ఎవరు ఎప్పుడు బయల్దేరారు, ఎప్పుడు వస్తారు, ఎవర్ని ఎప్పుడు లేపాలి, అన్నీ ఆవిడే. ఎవరినైనా వాళ్ల వంతుకి 20 నిమిషాల ముందు లేపేది. లేచి వెంటనే పరుగెత్తకూడదు. గాఢనిద్రలోంచి లేచిన మనిషికి కాసేపు బుర్ర పనిచేయదు, ఏ చెప్పు ఏ కాలికో తెలీదు.

అదే జరిగింది. రాత్రి రెండున్నరకి నా వంతు. నాయనమ్మ లేపింది. "లేచాను" అన్నాను. ఆవిడ నమ్మి, మీ నాన్న వస్తున్నాడేమో చూడటానికి కిందికి దిగింది. నేను లేచానని చెప్పి మళ్లీ పడుకున్నాను. మీ నాన్న తన ఎనిమిది కిలోమీటర్లూ శక్తంతా పెట్టి పరుగెత్తి వచ్చేసరికి అక్కడ చెయ్యి చాపడానికి ఎవరూ లేరు. వాడు పట్టీని చేత్తో పట్టుకుని, ఒగరుస్తూ, చీకట్లో అటూ ఇటూ చూస్తూ ఆరు నిమిషాలు నిలబడ్డాడు. నోటుబుక్కులో ఉంది, ఆరు నిమిషాలు. నేను కుడిచెప్పు ఎడమకాలికి తొడుక్కుని కుంటుతూ వెళ్తే వాడు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అన్నయ్య విషయంలోనూ ఇదే చేశాను. పరీక్షల ముందు వాడు అర్ధరాత్రి నన్ను లేపాడు, "లేచాను" అన్నాను, వాడు పడుకున్నాడు. లాంతరు ఒంటరిగా తెల్లవార్లూ కాలింది. ఒక రాత్రి కిరోసిన్ దండగ. ఆ రోజు నుంచి మా అమ్మ ఒక నియమం పెట్టింది: లేవాల్సినవాడు ముఖం కడుక్కుని వచ్చి కూర్చునే దాకా లేపినవాడు పడుకోకూడదు. యాభై ఏళ్లకి పైగా అయింది, నేను మరిచిపోయాను. నాయనమ్మకి ఆ కథ నేనే చెప్పాను గనక ఆవిడ మరిచిపోలేదు. మూడో వంతుకి నా ముఖం మీద నీళ్లు చల్లి, కళ్లు తెరిచి తిట్టేదాకా కదల్లేదు.

తప్పు చేసినప్పుడు ఒప్పుకోవాలి అని మీకు ఎప్పుడూ చెబుతుంటాను కదా. ఇదిగో, రాసి ఇస్తున్నాను.

జపాన్‌లో విశ్వవిద్యాలయాల జట్లు జనవరిలో రెండు రోజులు పరుగెత్తే పెద్ద ఎకిదెన్ ఒకటి ఉంది. పేరు హకొనె, 1920లో మొదలైంది. అందులో ముందున్న జట్టు కంటే మరీ వెనకబడితే, తర్వాతి వంతువాడు తమవాడి కోసం ఇక ఆగకూడదు. తమ తసుకి అందకుండానే, వేరే పట్టీ వేసుకుని బయల్దేరాలి. వెనకవాడు ఆఖరి అడుగులు వేస్తూ వచ్చేసరికి తన తసుకి తీసుకునేవాడు అక్కడ ఉండడు. కొందరు అక్కడే కూలబడి ఏడుస్తారు. అది చదివినప్పుడల్లా నాకు మీ నాన్న నిలబడిన తీరు గుర్తొస్తుంది. చిన్నూ, అయిదుగురు ఊరికే కూర్చోవడం అంటే అలా జరగకుండా చూసుకోవడం అన్నమాట.

బుజ్జీ, నువ్వు అడిగినదానికి కూడా చెప్పాలి: చీకట్లో భయం వేయలేదా అని. మొదటి కిలోమీటరు వేసింది. తలకి లైటు, వీపు మీద ఎర్రలైటు, ఒంటి మీద మెరిసే జాకెట్ ఉన్నాయి. ఆ జాకెట్‌కి తనంతట తను వెలుగు లేదు. దాని మీద పడిన వెలుతురు ఎటు నుంచి వచ్చిందో అటే తిరిగి వెళ్లిపోతుంది. అందుకే కారు నడిపేవాడికి భగ్గుమని కనిపిస్తుంది, పక్కన నిలబడినవాడికి మామూలు గుడ్డలా ఉంటుంది.

ఇంకో చిత్రం. తలలైటు వెలుగులో రోడ్డు మీద గులకరాళ్లు కనబడవు. వెలుతురు కళ్ల దగ్గర నుంచే వెళుతుంది కాబట్టి రాయి నీడ రాయి వెనకే దాక్కుంటుంది. అంతా చదునుగా ఉన్నట్టుంటుంది. రెండుసార్లు తట్టుకున్నాక లైటు తీసి నడుం దగ్గర పట్టుకున్నాను. ఒక్కసారిగా ప్రతి రాయికీ పొడవాటి నీడ లేచింది. దారి మొత్తం గుంటలూ మిట్టలూ బయటపడ్డాయి. ముందే ఎవరైనా చెప్పి ఉంటే కాలి బొటనవేలు గోరు మిగిలేది.

మూడున్నర దాటింది. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. నా చెప్పుల చప్పుడు, నా ఊపిరి, అంతే. చుట్టూ కనిపించేది కాస్తంత మేరే కాబట్టి ఆ కాస్త నేల వేగంగా వెనక్కి పోతున్నట్టు ఉంటుంది. ముసలివాణ్ణి, గుర్రంలా పోతున్నాననిపించింది. గడియారం చూస్తే అంత లేదులెండి. అప్పుడు లైటు మళ్లీ నుదుటికి పెట్టుకుని పక్కనున్న గడ్డివైపు తల తిప్పాను.

ఏం చూశానో పూర్తిగా చెప్పను. మీరు చూడాలి. చీకటి పడ్డాక అమ్మనో నాన్ననో తోడు తీసుకుని గడ్డి ఉన్న చోటికి వెళ్లండి. చేతుల్తో ఏదీ ముట్టుకోవద్దు. టార్చిని కణతకి ఆనించి, కంటి పక్కనే పట్టుకుని, పది పన్నెండు అడుగుల దూరంలో గడ్డి మీద మెల్లగా తిప్పండి. అక్కడక్కడ ఆకుపచ్చ, నీలం చుక్కలు మెరుస్తాయి. మంచుబిందువులు కూడా మెరుస్తాయి గానీ అవి కదలవు. కదిలే మెరుపు దొరికితే లైటు దాని మీదే ఉంచి, అడుగులో అడుగు వేసుకుంటూ దగ్గరకి వెళ్లండి. ఆ మెరుపు ఎవరిదో, దానికి ఎన్ని కాళ్లున్నాయో చూడండి. తర్వాత టార్చి నడుం దగ్గరకి దించండి, మెరుపు మాయమవుతుంది. ఎందుకో జాకెట్ సంగతి గుర్తు తెచ్చుకుంటే తెలుస్తుంది.

నేను అక్కడ ఆగి ఎంతసేపు చూశానో నాకు తెలీదు. నాయనమ్మ నోటుబుక్కులో మాత్రం నా రెండో వంతు దగ్గర నాలుగు నిమిషాలకి లెక్క తేలడం లేదు. నిద్రపోయిన ఆరు కాకుండా ఇవి వేరు. ఎక్కడ పోయాయని రోజూ అడుగుతోంది. నేను చెప్పలేదు. మీరు చూసి వచ్చాక మీరే ఫోన్ చేసి చెప్పండి, నా మాట కంటే మీ మాట నమ్ముతుంది.

తాతయ్య