స్పేర్ల తాళం ఎవరి చేతిలో? విశాఖ తీరంలో అలీన విధానం

విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఒకదానికొకటి కూతవేటు దూరంలో మూడు గుర్తులున్నాయి. ఇసుక మీద నిలిపిన ఐఎన్‌ఎస్ కురుసుర సబ్‌మెరైన్, రోడ్డుకు అవతల సముద్ర గస్తీ విమానం టీయూ-142, 1971 యుద్ధానికి గుర్తుగా 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం. మొదటి రెండూ సోవియట్ యూనియన్‌లో తయారయ్యాయి. మూడోది మనకు గుర్తుచేసే పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ అమెరికాలో తయారైంది. ఏ కూటమిలోనూ చేరనన్న దేశపు తీరానికి రెండు అగ్రరాజ్యాల ఇనుమూ ఎలా వచ్చి చేరింది?

రష్యా, అమెరికాల మాట ఎప్పుడొచ్చినా మన దగ్గర చర్చ ‘మనం ఎవరి వైపు’ అన్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆయుధం చేతికొచ్చాక దాని స్పేర్లు (విడిభాగాలు), మరమ్మతు, ఇంధనం, తనిఖీ ఎవరి చేతిలో ఉంటాయన్నది అడిగేవారు తక్కువ. తటస్థ దేశానికి ఉన్న స్వేచ్ఛ ఎంతో తేలేది అక్కడే.

1962 చైనా యుద్ధం నాటికి మన నేవీ దాదాపు పూర్తిగా బ్రిటిష్ నౌకల మీద నడిచేది. సబ్‌మెరైన్ ఒక్కటీ లేదు. 1964లో రక్షణ మంత్రి వై.బి.చవాన్ మే నెలలో అమెరికా వెళ్లారు, ఆగస్టు చివర్లో మాస్కో వెళ్లారు. బ్రిటన్ నుంచి కొత్త సబ్‌మెరైన్లు మనం భరించగల అప్పు షరతుల మీద దొరకలేదు. అమెరికా ముందుకు రాలేదు. మాస్కో ఒప్పుకుంది. 1965 సెప్టెంబరులో సబ్‌మెరైన్ల ఒప్పందం కుదిరింది. అదే నెలలో భారత్–పాక్ యుద్ధం ముదరడంతో అమెరికా రెండు దేశాలకూ ఆయుధాల సరఫరా నిలిపేసింది. ఆ నిలుపుదల ఢిల్లీలో చాలాకాలం మరపునకు రాలేదు.

సోవియట్ బేరంలో మనవాళ్లను ఆకట్టుకున్నది చెల్లింపు పద్ధతి. దాదాపు పదేళ్ల గడువు, నామమాత్రపు వడ్డీ, చెల్లింపు రూపాయల్లో. ఆ రూపాయలతో వాళ్లు మన టీ, జనపనార, తోలు వస్తువులు కొనుక్కునేవారు. విదేశీ మారకం కోసం కటకటలాడే ఆ రోజుల్లో ఇంతకు మించిన వెసులుబాటు ఎక్కడా లేదు. చిక్కంతా రూపాయికి, రూబుల్‌కి మారకం రేటు ఎవరు నిర్ణయించాలన్న దగ్గర వచ్చింది. సోవియట్ యూనియన్ కూలిపోయాక కూడా ఆ లెక్క మిగిలిపోయింది. 1993 జనవరిలో రష్యా అధ్యక్షుడు ఎల్త్సిన్ ఢిల్లీ వచ్చినప్పుడు గానీ రేటు తేలలేదు. బాకీలో కొంత భాగాన్ని 45 ఏళ్లలో తీర్చే ఏర్పాటు చేసుకున్నారు. అగ్రరాజ్యం పోయింది కానీ దాని అప్పు పోలేదు.

తొలి సబ్‌మెరైన్ కల్వరి 1967 డిసెంబరు 8న సోవియట్ రేవు రీగాలో మన నేవీలో చేరింది. అప్పటికి సూయెజ్ కాలువ మూతపడి ఉంది. అందుకే ఆఫ్రికా చుట్టూ తిరిగి 1968 జూలైలో విశాఖ చేరింది. నాలుగోది కురుసుర, 1969 డిసెంబరు 18న చేరింది. పొడవు 91 మీటర్లు, ముందు ఆరు, వెనుక నాలుగు టార్పెడో గొట్టాలు. 2001 ఫిబ్రవరి 27న పదవీ విరమణ చేసి, మరుసటి ఏడాది మ్యూజియం అయింది.

లోపలికి వెళ్లినవారు గుండ్రటి ద్వారాల్లోంచి తల వంచి, కాలు ఎత్తి దాటడమే గుర్తుపెట్టుకుంటారు. ఆ ద్వారాలతో పడవ ఏడు అరలుగా విడిపోయింది. రెండో అర, నాలుగో అర నేల కింద బ్యాటరీలుంటాయి. ఈ తరగతి పడవల్లో నాలుగు వరుసల్లో, వరుసకు 112 చొప్పున 448 లెడ్–యాసిడ్ సెల్స్. నీటి కింద పడవ నడిచేది వీటి మీదే. చార్జింగ్ చేసేటప్పుడు వీటినుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నాలుగు శాతం దాటితే చిన్న నిప్పురవ్వ చాలు, పేలుతుంది. చల్లటి సముద్రాల కోసం రూపొందించిన పడవలివి. బంగాళాఖాతంలో పైనీరే 28 నుంచి 30 డిగ్రీలుంటుంది. వేడి ఎక్కువైతే సెల్స్ త్వరగా అరుగుతాయి, డిస్టిల్డ్ వాటర్ తరచూ పోయాలి, గాలి ఆడించే ఫ్యాన్లు ఎక్కువసేపు తిరగాలి, లోపలి మనుషులు ఉడికిపోతారు. మనకిచ్చిన పడవల్లో ఉష్ణమండలానికి తగ్గట్టు మార్పులు చేశారు. అయినా బ్యాటరీ అరిగిన ప్రతిసారీ కొత్త సెట్టు కోసం చూడాల్సింది దాన్ని తయారుచేసిన దేశం వైపే. అప్పటికి విశాఖ డాక్‌యార్డు సిద్ధం కాలేదు. తొలి పెద్ద రీఫిట్ల (పూర్తిస్థాయి మరమ్మతుల) కోసం సబ్‌మెరైన్లను సోవియట్ తూర్పు కొసనున్న వ్లాదివొస్తోక్ రేవు దాకా పంపారు. సిబ్బంది శిక్షణా అక్కడే, అదీ ముందు రష్యన్ నేర్చుకున్నాకే.

సోవియట్ నిపుణులు డాక్‌యార్డు విస్తరణలో పనిచేస్తుండటం చూసి, విశాఖలో రష్యా స్థావరం వెలుస్తోందని పాశ్చాత్య పత్రికలు ఏళ్ల తరబడి రాశాయి. ప్రభుత్వం ఖండిస్తూనే వచ్చింది. స్థావరం ఎన్నడూ రాలేదు. అవతలివాడి నిపుణుణ్ని రానిచ్చి, అవతలివాడి జెండాను రానివ్వకపోవడం తేలిక కాదు. ఆ పనిని నాటి ప్రభుత్వాలు నిలకడగా చేశాయి. ఆ ఘనత వాళ్లకు దక్కాలి.

1971 ఆగస్టు 9న ఇరు దేశాల విదేశాంగ మంత్రులు స్వరణ్ సింగ్, గ్రొమికో సంతకాలు చేసిన మైత్రీ ఒప్పందంలోనూ అదే జాగ్రత్త ఉంది. మొత్తం 12 అధికరణాలు. నాలుగోదానిలో భారత్ అలీన విధానాన్ని గౌరవిస్తామని సోవియట్ యూనియన్ రాసిచ్చింది. అసలు కీలకం తొమ్మిదోది. ఎవరి మీదైనా దాడి జరిగినా, జరిగే ప్రమాదమున్నా ఇద్దరూ వెంటనే ‘సంప్రదింపులు’ జరపాలన్నారు. సైన్యం పంపాలని ఎక్కడా లేదు. ఆ ఒక్క మాట వల్లే అది సైనిక కూటమి కాకుండా పోయింది. పాకిస్తాన్‌కు సాయం చేయాలనుకునేవాళ్లు మాత్రం దాన్ని చదివి ఆలోచనలో పడాల్సి వచ్చింది. పాము చావాలి, కర్ర విరగకూడదు అన్నట్టు రాసిన వాక్యమది.

నాలుగు నెలలకు, డిసెంబరు 3–4 రాత్రి, ఘాజీ విశాఖ రేవు ముందు మునిగిపోయింది. మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్లేనని మన నేవీ అంటుంది, ప్రమాదమని పాకిస్తాన్ అంటుంది. ఇక్కడ చెప్పుకోవాల్సింది దాని అంతకుముందు కథ. అది రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికన్ సబ్‌మెరైన్ డయాబ్లో. 1964లో లీజు మీద పాకిస్తాన్‌కు వచ్చింది. పాకిస్తాన్ తటస్థ దేశం కాదు, పాశ్చాత్య సైనిక కూటములైన సీటో, సెంటో రెండింటిలోనూ సభ్యురాలు. అయినా 1965 తర్వాత అమెరికా చేయి ముడుచుకోవడంతో ఘాజీ రీఫిట్‌కు టర్కీ వెళ్లాల్సి వచ్చింది. కూటమిలో చేరితే స్పేర్లకు కొరత ఉండదనుకునేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

లీజు మాట వచ్చింది కాబట్టి చక్ర గురించి కాస్త ఆగి చెప్పాలి. అణుశక్తితో నడిచే ఈ సోవియట్ సబ్‌మెరైన్ మూడేళ్ల లీజు మీద 1988 ఫిబ్రవరిలో విశాఖ చేరింది. సొంత రేవు ఇదే. అమ్మకుండా లీజెందుకు? యాజమాన్యం వాళ్లది కనుక రియాక్టర్, అందులోని ఇంధనం వాళ్లవే, గడువు తీరాక రెండూ వెనక్కి పోతాయి. అణ్వాయుధాలు పెట్టకూడదన్నది షరతు. రియాక్టర్ దగ్గర సోవియట్ నిపుణులుండేవారు. 1991 జనవరిలో అది వెళ్లిపోయింది, లీజు పొడిగించలేదు. అయితే మనవాళ్లు నేర్చుకున్నది వెనక్కి పోలేదు. రేవు కట్టడం, రేడియేషన్ జాగ్రత్తలు, సిబ్బంది కాపలా వంతులు ఇక్కడే నిలిచాయి. విశాఖలోనే కట్టిన అరిహంత్‌ను 2009 జూలైలో నీట దించడానికి ఆ అనుభవం పనికొచ్చింది. రెండో చక్ర 2012 ఏప్రిల్ 4న విశాఖలోనే నేవీలో చేరి, 2021 జూన్‌లో తిరిగి వెళ్లింది.

సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు దెబ్బ ఎంత లోతుగా తగిలిందో చెప్పడానికి పాత రాజ్‌పుత్ తర్వాత అదే పేరుతో వచ్చిన డెస్ట్రాయర్ చాలు. కట్టింది మికొలయివ్‌లో, మనకు అప్పగించింది పోతిలో. 1991 తర్వాత మొదటిది ఉక్రెయిన్, రెండోది జార్జియా, ఆయుధాలు రష్యా. ఒక్క చిరునామాకు రాసే ఇండెంటు (సరుకు కోరే పత్రం) మూడు దేశాలకు రాయాల్సి వచ్చింది. స్పేరు అందకపోతే డాక్‌యార్డుల్లో చేసే పని ఒకటే, ఒక నౌకలోంచి విప్పి ఇంకో నౌకకు బిగించడం. దాంతో ఒకటి నడుస్తుంది, ఇంకొకటి గోడకు కట్టేసి ఉంటుంది. విశాఖలో 2006లో మొదలైన సింధుకీర్తి సబ్‌మెరైన్ రీఫిట్ మూడేళ్లలో అయిపోవాలి, తొమ్మిదేళ్లు పట్టింది.

అమెరికా వైపు పట్టు వేరే రకం. అక్కడ అప్పు కన్నా తనిఖీ ముఖ్యం. 1998 అణు పరీక్షల తర్వాత విధించిన ఆంక్షలతో బ్రిటన్‌లో కొన్న సీకింగ్ హెలికాప్టర్లకు కూడా స్పేర్లు ఆగాయి, వాటిలో అమెరికన్ భాగాలున్నాయి కాబట్టి. 2007లో కొన్న ట్రెంటన్ నౌక జలాశ్వగా విశాఖకు వచ్చింది. దాన్ని దాడికి వాడటంపై ఆంక్షలున్నాయని, ఇచ్చిన వస్తువులను అమెరికా వచ్చి లెక్క చూసుకునే హక్కు ఒప్పందంలో ఉందని 2008లో ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ తప్పుపట్టింది. 2009 జూలైలో తనిఖీ నిబంధనల మీద రెండు దేశాలు ఒక పద్ధతికి వచ్చాయి. కీలకమైన రహస్య సమాచార పరికరాల ఒప్పందం 2018 సెప్టెంబరు దాకా కుదరలేదు. అందాకా టీయూ-142ల స్థానంలో వచ్చిన అమెరికా తయారీ పీ-8ఐ విమానాలు అమెరికన్ రహస్య రేడియోలు లేకుండా, వేరే పరికరాలతో ఎగిరాయి. కొనుగోలు ఆపకుండా, ఒప్పుకోని షరతుకు సంతకం పెట్టకుండా తొమ్మిదేళ్లు నెగ్గుకొచ్చారు. 2016 నాటి లాజిస్టిక్స్ ఒప్పందంలోనూ అదే పంథా. ఇంధనం, మరమ్మతు ఏ సందర్భానికి ఆ సందర్భం చూసి ఒకరికొకరు ఇచ్చుకుంటారు, ఖర్చు లెక్కగట్టి తీసుకుంటారు, స్థావరం ఇవ్వరు.

2024 ఫిబ్రవరిలో భారత్ నిర్వహించిన పలు దేశాల నౌకాదళ విన్యాసాలు ‘మిలన్’కు అమెరికా, రష్యా యుద్ధనౌకలు రెండూ విశాఖ వచ్చాయి. అదే ఏడాది డిసెంబరు 9న రష్యాలోని కాలినిన్‌గ్రాద్‌లో తుశీల్ అనే ఫ్రిగేట్ (ఒక రకం యుద్ధనౌక) మన నేవీలో చేరింది. దాని గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌వి. రష్యాతో వైరం ముదిరిన 2014 తర్వాత వాటిని ఆ దేశానికి అమ్మడానికి ఉక్రెయిన్ ఒప్పుకోకపోతే, భారతే విడిగా కొని రష్యన్ షిప్‌యార్డుకు చేర్చింది.