ఒక డోరు లాక్ పడకపోతే బీసీఎం మార్చాలా? అపోహలు - వాస్తవాలు

రిమోట్ నొక్కితే మూడు డోర్లే తెరుచుకుంటాయి. లేదంటే నిలబెట్టిన కారు ఉన్నట్టుండి టక్కుమని లాక్ పడుతుంది. లేదంటే రాత్రి బాగున్న బండికి పొద్దున సెల్ఫ్ పడదు. నెల్లూరు ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని చేసే నాకు రోజూ వినిపించే ఫిర్యాదులివి. వీటి వెంటే ఇంకో మాట కూడా వస్తుంది: "ఫలానా పార్టు పోయిందంటన్నా, కొత్తది వెయ్యి." కరెంటు కొలిచే మీటర్ పెట్టి చూడకుండా ఎవరో అనేసిన ఆ మాటకే జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటున్నారు.

అపోహ: ఒక డోరు లాక్ పడటం లేదంటే బీసీఎం పోయినట్టే.

లైట్లు, వైపర్లు, డోర్ లాకులు చూసుకునే ఎలక్ట్రానిక్ పెట్టెను బీసీఎం అంటాం. నాలుగు డోర్లూ ఒకేసారి పనిచేయడం మానేస్తే ఫ్యూజునో, డ్రైవర్ డోరులోని స్విచ్‌నో, ఆ పెట్టెనో అనుమానించవచ్చు. మూడు పనిచేస్తూ ఒక్కటే మొండికేస్తే మాత్రం, నా అనుభవంలో తప్పు ఆ డోరులోనో, దానికి వెళ్లే వైరులోనో ఉంటుంది.

డోరు తెరిచి కీళ్ల దగ్గర చూడండి. బాడీకీ డోరుకీ మధ్య నల్లటి రబ్బరు గొట్టం ఉంటుంది. వైర్లన్నీ అందులోంచే వెళతాయి. డోరు తీసి వేసిన ప్రతిసారీ అవి వంగుతాయి. కొన్నేళ్లకు లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పై తొడుగు మాత్రం చెక్కు చెదరదు కాబట్టి చూపుకు వైరు బాగున్నట్టే ఉంటుంది.

పోయిన కార్తీక మాసం వానల తర్వాత మైపాడు వైపు నుంచి ఒక రొయ్యల రైతు వచ్చారు. ఎడమవైపు వెనక డోరు ఒక రోజు లాక్ పడుతుందట, ఇంకో రోజు పడదట. వేరే చోట చూపిస్తే బీసీఎం మార్చాలన్నారట. నేను డోరు సగం తెరిచి, రబ్బరు గొట్టాన్ని చేత్తో అటూ ఇటూ వంచుతూ లాక్ నొక్కమన్నాను. ఒక వంపులో పడింది, ఇంకో వంపులో పడలేదు. గొట్టం జరిపి చూస్తే ఒక వైరు తెగి, కొస పచ్చగా చిలుము పట్టి ఉంది. చెడిన ముక్క కోసేసి, మంచి వైరు సాల్డరింగ్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ వేశాను. అంతే పని. సముద్రం పక్కన ఉప్పుగాలిలో తిరిగే బండ్లలో ఈ చిలుము తొందరగా పడుతుంది. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు ఉండేవాళ్లు లాకుల పని వస్తే ముందు ఈ గొట్టం విప్పించండి.

వైరు బాగుంటే అప్పుడు లాక్ మోటర్ సంగతి. మామూలు మోటర్‌కు రెండే వైర్లు. కరెంటు ఒక దిక్కున వెళితే లాక్, తిరగేస్తే అన్‌లాక్. డోర్ ప్యాడ్ (డోరు లోపలివైపు అట్ట) విప్పి, మోటర్‌కు వైర్లు కలిసే కప్లర్ దగ్గర టెస్ట్ ల్యాంప్ (వైర్లు తగిలించిన చిన్న బల్బు) పెట్టి రిమోట్ నొక్కితే బల్బు ఒక్క క్షణం వెలిగి ఆరాలి. వెలిగినా మోటర్ కదలకపోతే మోటరే పోయింది, లేదా లాక్ మెకానిజం మడ్డిపట్టి బిగుసుకుంది. అసలు వెలగకపోతే వైరు వెతకాలి. ఇక్కడ మీటర్ కంటే ల్యాంప్‌నే నేను నమ్ముతాను. తెగగా మిగిలిన ఒక్క రాగి పోగు మీద కూడా మీటర్ 12 వోల్టులు చూపిస్తుంది, కానీ ఆ పోగు బల్బును సరిగా వెలిగించలేదు.

డోర్ ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటు ఉంటుంది. అద్దం పక్కనుంచి డోరులోకి దిగిన వాన నీళ్లు క్యాబిన్ వైపు రాకుండా అది ఆపుతుంది. స్పీకర్లు బిగించేటప్పుడు దాన్ని చింపేసి వదిలేయడం చాలా కార్లలో చూశాను. డోరు అడుగున నీళ్లు పోయే చిల్లులు మట్టితో పూడిపోయినా లోపల నీళ్లు నిలిచి మోటర్ తడుస్తుంది. సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు ఈ రెండూ అడిగి చూపించుకోండి.

అపోహ: దానంతటదే లాక్ పడుతోందంటే ఎవరో రిమోట్ కోడ్ కాపీ చేశారు.

రిమోట్‌తో అన్‌లాక్ చేసి ఏ డోరూ తెరవకపోతే, చాలా కార్లు అర నిమిషానికి మళ్లీ లాక్ వేసుకుంటాయి. అది వాటి పద్ధతి. అలా కాకుండా మళ్లీ మళ్లీ టక్ టక్‌మంటుంటే డోర్ లాచ్‌లో, అంటే డోరును పట్టి ఉంచే కొక్కెంలో, ఉండే చిన్న స్విచ్‌ను చూడాలి. డోరు వేసి ఉన్నా అది తెరిచి ఉందని చెబుతుంటే, డ్యాష్‌బోర్డు మీద డోర్ గుర్తు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ఈ తప్పు లాకులతో ఆగదు. డోరు తెరిచే ఉందనుకుని చాలా కార్లలో ఎలక్ట్రానిక్స్ నిద్రలోకి వెళ్లవు, రాత్రంతా బ్యాటరీని తింటూనే ఉంటాయి.

అపోహ: పొద్దున్నే సెల్ఫ్ పడకపోతే బ్యాటరీ మార్చడమే.

కొత్త బ్యాటరీ వేయించుకుని వారానికే మళ్లీ వచ్చేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. రోహిణి కార్తె ఎండలకు మన వైపు బ్యాటరీలు త్వరగా దెబ్బతినే మాట నిజమే. అయినా ముందు కొలవాలి. కొన్ని గంటలు ఆగి ఉన్న బండిలో నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. 12.2 ఉంటే సగమే మిగిలింది. ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 13 కూడా రాకపోతే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్, దాన్ని తిప్పే బెల్టు, ఎర్త్ వైర్లు చూడాలి.

ఇవన్నీ బాగుండి కూడా బ్యాటరీ దిగిపోతుంటే కరెంటు ఎక్కడో కారుతోంది. కారు ఆపి, తాళంచెవి బయటికి తీసి, నెగటివ్ కేబుల్‌కూ బ్యాటరీకీ మధ్య మీటర్‌ను ఆంపియర్ల మీద పెట్టి అర గంట ఆగుతాం. అప్పటికి సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల లోపుకు దిగాలి. 500 చూపిస్తుంటే రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు. చిన్న కారు 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ రెండు రోజులకే చేతులెత్తేస్తుంది. ఇక ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ వెళితే, ఏది తీసినప్పుడు మీటర్‌లో అంకె పడిపోతుందో ఆ లైన్లో దొంగ దొరుకుతుంది. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకండి, మీటర్‌లోని ఫ్యూజు పోతుంది.

అపోహ: ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్దది వేస్తే సరి.

దీన్ని దయచేసి ఎవరూ చేయకండి. 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు ఉన్న చోట 30 ఆంపియర్ల ఆకుపచ్చది వేస్తే, షార్ట్ అయినప్పుడు ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది. రాగి తీగ చుట్టడం అంతకంటే ప్రమాదం.

అపోహ: రిమోట్ సెల్ అయిపోతే బండి స్టార్ట్ కాదు.

తాళం తిప్పే కార్లలో, కారు తన తాళాన్ని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ చిప్‌కు సెల్ అక్కర్లేదు. బటన్ స్టార్ట్ ఉన్న చాలా కార్లలో కీని బటన్‌కు ఆనించి నొక్కితే చాలు. డోరుకు మామూలు తాళం సందు కూడా ఉంటుంది, కొన్నింటిలో మూత కింద. ఏళ్ల తరబడి వాడకపోతే అది తుప్పు పడుతుంది కాబట్టి నెలకోసారి తాళంతో లాక్ తీసి, మళ్లీ వేయండి.

అపోహ: కరెంటు పోతే లోపలివాళ్లు ఇరుక్కుపోయినట్టే.

చాలా కార్లలో లోపలి హ్యాండిల్‌కూ లాచ్‌కూ మధ్య ఇనుప తీగో కేబులో ఉంటుంది. బ్యాటరీ చచ్చిపోయినా ముందు డోర్లు చేత్తో తెరుచుకుంటాయి. వెనక డోర్లకు చైల్డ్ లాక్ వేసి ఉంటే లోపలి నుంచి రావు. పెద్దలకు ఇది తెలుసు, పిల్లలకు తెలియదు. 2025 మేలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆడుకుంటూ కారెక్కిన నలుగురు పిల్లలు డోర్లు లాక్ పడి ఊపిరాడక చనిపోయారు. ఇంటి ముందు కారు ఉంటే లాక్ వేసే ఉంచండి, కీ పిల్లలకు అందనివ్వకండి. ముందు సీట్లోకి ఎలా రావాలో, హ్యాండిల్ ఎలా లాగాలో, హారన్ ఎక్కడుందో వాళ్లతో చేయించి చూపించండి. చాలా కార్లలో కీ లేకపోయినా హారన్ మోగుతుంది.

లాకుల పని ఏది వచ్చినా, డోర్ ప్యాడ్ బిగించాక నేను బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, లోపల కూర్చుని, ముందు రెండు డోర్లూ హ్యాండిల్ లాగి చూస్తాను. అవి రెండూ తెరుచుకున్నాకే బండి యజమానికి తాళం ఇస్తాను.