పదకొండు వేల లోకాల్లోంచి ఒక్కటి

2002లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ తాను ప్రచురించే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ (ఆటగాళ్లు పాత్రలుగా మారి ఊహాలోకంలో కథ నడిపే ఆట)కు కొత్త లోకాన్ని ఒక్క పేజీలో ఊహించి పంపమని ఎవరికైనా సరే బహిరంగంగా పిలుపునిచ్చింది. 11,000కు పైగా ప్రతిపాదనలు వచ్చాయి. సంస్థ అలా బయటివాళ్లను అడగడం అప్పట్లో చిన్న విషయం కాదు. ఎందుకంటే, లోకాలు ఎక్కువైతే ఏమవుతుందో ఈ ఆట అప్పటికే అనుభవించింది.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఆటను తెచ్చినప్పుడు నియమాలే ఇచ్చారు. లోకాన్ని ఆట నడిపించే డంజన్ మాస్టరే అల్లుకోవాలి. గైగాక్స్ తన ఇంట్లో ఆడించిన గ్రేహాక్ అనే లోకం 1980లో అచ్చయింది. 1984లో డ్రాగన్‌లాన్స్, 1987లో ఎడ్ గ్రీన్‌వుడ్ చిన్ననాటి నుంచి రాసుకుంటూ వచ్చిన ఫర్గాటెన్ రెల్మ్స్ వచ్చాయి. ఆ తర్వాత ప్రచురణ సంస్థ టీఎస్ఆర్ ఆగలేదు. 1990లో రేవెన్‌లాఫ్ట్, 1991లో డార్క్ సన్, 1994లో ప్లేన్‌స్కేప్, 1995లో బర్త్‌రైట్.

కల్పనాశక్తిలో ఆ దశకానికి సాటి లేదని నా నమ్మకం. డార్క్ సన్‌నే చూడండి: ఇనుము అరుదైన ఎడారి, మంత్రాన్ని విచ్చలవిడిగా వేస్తే చుట్టూ పచ్చదనం మాడిపోయే నేల. కానీ డార్క్ సన్ ఆడేవారు రేవెన్‌లాఫ్ట్ పుస్తకం కొనలేదు. అచ్చు ఖర్చు తగ్గలేదు, కొనేవారు మాత్రం చీలిపోయారు. దుకాణాల నుంచి వెనక్కి వచ్చిన పుస్తకాలు, అప్పులు కూడా తోడై 1997లో టీఎస్ఆర్ విజార్డ్స్ చేతికి వెళ్లింది.

అందుకే 2002 వడపోత అంత గట్టిగా సాగింది. 11 మంది మిగిలారు, తర్వాత ముగ్గురు. ఆ ముగ్గురూ వందకు పైగా పేజీల్లో తమ లోకాన్ని విడమరిచి రాశారు. కీత్ బేకర్ ఊహించిన ఎబెరాన్ గెలిచి 2004లో పుస్తకమైంది. అక్కడ మంత్రవిద్య పరిశ్రమగా మారింది. మెరుపుశక్తితో రైళ్లు నడుస్తాయి, పత్రికలు వెలువడతాయి. దాదాపు శతాబ్దం సాగిన యుద్ధం ముగిశాక, దానికోసమే తయారైన ‘వార్‌ఫోర్జ్‌డ్’ అనే ప్రాణమున్న యంత్ర సైనికులు తాము ఎవరమో వెతుక్కుంటారు. ఓడిన ఇద్దరి లోకాల హక్కులూ సంస్థకే వెళ్లాయి, అవి నేటికీ వెలుగు చూడలేదు. పోటీలో నాకు మింగుడుపడని భాగం అదే.

2014లో ఆట నియమాల అయిదో ఎడిషన్ వచ్చాక సంస్థ మరింత ఆచితూచి అడుగేసింది. అది ప్రచురించిన సాహస కథల్లో చాలావరకు ఫర్గాటెన్ రెల్మ్స్‌లోనే జరిగాయి. కొత్తగా చేరిన లోకాల్లో 2018 నాటి రావ్నికా ‘మ్యాజిక్’ కార్డుల ఆట నుంచి, 2020 నాటి వైల్డ్‌మౌంట్ ఈ ఆటను ఆడి చూపించే ‘క్రిటికల్ రోల్’ కార్యక్రమం నుంచి వచ్చాయి. రెండింటికీ అభిమానులు ముందే ఉన్నారు. నష్టభయం అర్థమవుతుంది. అయినా పేరు లేని రచయిత ఒక్క పేజీతో తట్టగలిగిన తలుపు మూసుకుపోయింది.

2022లో వచ్చిన ‘జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటడెల్’ అనే సాహస కథల సంకలనంలో రచయిత్రి మిమి మండల్ బెంగాల్ ఛాయలతో శంఖభూమి అనే నేలను సృష్టించారు. ఆ నేలకు దక్కినవి కొద్ది పేజీలే. దానికి పూర్తి పుస్తకం రావాలి.