ఐదేళ్లు కప్పు వదలని పోలీసులు

తిరుపతి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న తారకరామ స్టేడియం నుంచి వస్తూనే బార్సిలోనా గెలిచిన కప్పులన్నీ గడగడా అప్పజెప్పారు. సంతోషమే. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు గురించి విన్నారా అని అడిగితే మాత్రం, పోలీసులకు ఫుట్‌బాల్ ఏమిటని నవ్వారు. అందుకే ఈ ఉత్తరం.

ఆ పోలీసులు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే ఫుట్‌బాల్ పోటీ రోవర్స్ కప్పును ఇంకెవరికీ దక్కనివ్వలేదు. 1950లో కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్‌ను ఓడించి, దేశంలో మరో పెద్ద పోటీ అయిన డ్యూరాండ్ కప్పు కూడా పట్టుకొచ్చారు. అప్పటికి మన తిరుపతి ఉన్న చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది, హైదరాబాదు వేరే రాష్ట్రం. 1956లో అంతా ఆంధ్రప్రదేశ్ అయ్యాక జట్టు పేరూ మారింది. 1961లో డ్యూరాండ్ గెలిచింది ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు. ఆ లెక్కన ఆ కప్పులో మనకూ వాటా ఉందని నా వాదన.

జట్టును తీర్చిదిద్దినది సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే బడిపంతులు. బంతి దొరికితే చాలు, నలుగురిని తప్పించుకుంటూ ఒక్కడే గోలు దాకా పోవాలని చూసే వాళ్లు ప్రతి జట్టులో ఉంటారు. మీలోనూ ఒకరున్నారు, పేరు రాయను. అలా బంతిని తప్పించుకుపోవడాన్నే డ్రిబ్లింగ్ అంటారు. రహీమ్ కుర్రాళ్లకు ఆ డ్రిబ్లింగే నిషేధించిన పోటీలు పెట్టేవారు. బంతి రాగానే పాస్ ఇచ్చేయాలంటే, ఎవరు ఖాళీగా ఉన్నారో అది రాకముందే చూసిపెట్టుకోవాలి. బంతి లేనివాడు కూడా బొమ్మలా నిలబడితే కుదరదు, ఖాళీ చోటికి పరుగెత్తాలి. ఇంకో రకం పోటీలో వాటం లేని కాలితోనే తన్నాలి. మొదట్లో బంతి ఎటో పోతుంది, చూసేవాళ్లు నవ్వుతారు. రెండు కాళ్లూ సాధన అయ్యాక మాత్రం మీరు ఎటు తిరుగుతారో ఎదుటివాడికి అంతుపట్టదు.

దేశపు జట్టుకూ ఆయనే గురువు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాం. మనవాళ్లలో కొందరు బూట్లు లేకుండానే ఆడారు మరి! ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ ఆసియా స్వర్ణం. పోలీసు జట్టు నుంచి అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, యూసుఫ్ ఖాన్ లాంటివాళ్లు దేశానికి ఆడారు.

జకార్తా నాటికే రహీమ్‌కు క్యాన్సర్. 1963 జూన్‌లో కన్నుమూశారు. జట్టు ఒక్కరోజులో మూతపడలేదు కానీ, మునుపటి వైభవం మళ్లీ రాలేదు. నన్నడిగితే అసలు కిటుకు జీతంలో ఉంది. ఆటగాళ్లను పోషించింది పోలీసు కొలువు. కలకత్తా క్లబ్బులకు సభ్యులున్నారు, టిక్కెట్టు కొని వచ్చే జనం ఉన్నారు, అందుకే గురువు మారినా అవి నిలిచాయి. సికింద్రాబాదు కుర్రాడు, దేశానికి ఆడిన తులసీదాస్ బలరాం సైతం కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కే వెళ్లాడు. శాఖ నడిపే జట్టుకు ఆ అండ ఉండదు. పై అధికారికి ఆట మీద మక్కువ ఉన్నన్నాళ్లే దాని ఆయుష్షు. చివరికి రోవర్స్ కప్పు పోటీ కూడా ఈ శతాబ్దం మొదట్లో ఆగిపోయింది.

ఈ ఆదివారం డ్రిబ్లింగ్ లేకుండా ఒక సగం, వాటం లేని కాలితో ఇంకో సగం ఆడండి. విజిల్ నేను ఊదుతాను. మోకాళ్ల సంగతి తెలుసుగా, గీత పక్కన కుర్చీ వేయించండి.

మీ తాతయ్య